భుజం మీద ఒక చెవి

క్లయిపెడా రేవులో పొద్దున్న ఆరు. ఇంకా చీకటే.
నీళ్ళు తోడేసిన డాక్‌లో
చేపల ఓడ పొట్ట నిండా తుప్పు పొలుసులు.
రిమ్‌గౌదాస్ కాలరుకి నేనొక మైకు తగిలిస్తాను,
శనగగింజంత, నురగ టోపీ పెట్టుకున్నది.
"ఇది మాటలు వినదు, మోత ఎంతో లెక్కేస్తుందంతే."
"అయితే మా ఫోర్‌మన్‌కి చుట్టమే," అన్నాడు.

గ్రైండర్ పిడికి మరో బిళ్ళ బిగించాను,
అది వణుకుని తూస్తుంది.

డెసిబెల్‌ది బజారు లెక్క కాదు.
మూడు పెరిగితే మోత రెట్టింపు.
ఎనభై అయిదు దగ్గర ఎనిమిది గంటలు నిలబడొచ్చు,
ఎనభై ఎనిమిదికి నాలుగు,
తొంభై ఒకటికి రెండే,
అలా సగం సగం కోసుకుంటూ పోతే
తొంభై ఏడు దగ్గర మనిషికి మిగిలేది అరగంట.
షిఫ్టు మాత్రం తరగదు.

అతని మధ్యవేలు, ఉంగరం వేలు
రెండో కణుపు దాకా సున్నం ముంచినట్టు తెలుపు.
కోటు గుండీని పళ్ళతో లాగుతాడు.
పదిహేడేళ్ళు పిడిని పట్టుకున్నాడు,
ఇప్పుడు పిడే అతన్ని పట్టుకుంది.

సాయంత్రం తీగ తగిలిస్తే
తెర మీద రోజంతా పరుచుకుంది:
గ్రైండర్ కొండలు, టీ వేళ చిన్న పల్లం,
మళ్ళీ కొండలు.
పన్నెండూ పది నుంచి నలభై నిమిషాలు, భోజనం వేళ,
లోయ ఉండాల్సిన చోట గట్టు.
తొంభై నాలుగు. బల్లపరుపుగా, చలనం లేకుండా.
ఒక రోజుకి చెల్లే మోతలో
మూడింట రెండు వంతులు
ఒక్క రొట్టెముక్కతో మింగేశాడు.

మోసం చేశాడనుకున్నాను.
ఇలాంటివి చూసినదాన్నే:
ఒకడు మైకుని లాకర్లో పెట్టి తాళం వేశాడు,
ఇంకొకడు పూటంతా దానికి పాటలు పాడాడు.

మర్నాడు వెనకే వెళ్ళాను.
షెడ్డు వెనక కంప్రెసర్,
దానికి వీపులానించి, రంగు డబ్బాల మీద నలుగురు.
నల్లరొట్టె, పొగబెట్టిన చేప.
ఉప్పు కావాలంటే వేలు చూపించడమే,
అక్కడ మాట బతకదు.
రిమ్‌గౌదాస్ నా చెయ్యి పట్టుకుని
జాలీ ముందు పెట్టాడు.
వేడి గాలి.
బయట సముద్రం మీంచి మైనస్ పదకొండు.
అతని వేళ్ళు తెలుపు నుంచి ఊదాకి, ఊదా నుంచి ఎరుపుకి
సూది సూదిగా తిరిగొస్తున్నాయి.
"రేవంతటికీ వెచ్చనిది ఇదొక్కటే."
వినలేదు నేను, పెదాలు చదివాను.

వేళ్ళ కోసం చెవులు ఇచ్చేస్తున్నారు,
రోజుకి నలభై నిమిషాలు.

మేనేజర్ యోగైలే నివేదిక తిరగేసింది.
"ఇయర్‌ప్లగ్గులు ఇంకో డబ్బా తెప్పిస్తే సరిపోదా?"
"చెవులకి సరే. వేళ్ళకి ఏం తెప్పిస్తారు?"
కాలిక్యులేటర్ మీద చాలాసేపు కొట్టుకుంది.

ఫిబ్రవరిలో వచ్చింది గది.
పాత కంటైనరే, గోడలకి దూది పలకలు,
హీటరు, కెటిల్, బిర్రుగా మూసుకునే తలుపు.
గ్రైండర్లకి వణుకు తక్కువ పిడులు,
మనిషికి ఇంతసేపని వంతు.
కొలిచాను: నలభై ఒకటి.
గర్వంగానే రాసుకున్నాను.

రిమ్‌గౌదాస్ తల వంచి వింటున్నాడు.
"ఇక్కడేదో మోగుతోంది. దాన్నీ కొలువు."
కెటిల్ ఆపాను.
"ఉంది."
హీటరు ఆపాను. ముప్పై మూడు.
"సన్నగా, ఈలలాగా. ఉంది."
పిచ్చిపని అని తెలిసీ
మైకుని అతని చెవి దగ్గర పెట్టాను.
అంకె కదల్లేదు.

తెర వైపు కాసేపు చూశాడు.
హీటరు తనే వేసి,
టీ గ్లాసు చుట్టూ పది వేళ్ళూ చుట్టి
గులాబీ రంగుకి వచ్చేదాకా ఆగాడు.
తర్వాత లేచి
తలుపు బెత్తెడు తెరిచాడు.
సందులోంచి కంప్రెసర్ లోపలికొచ్చింది.
యాభై ఎనిమిది.

"ఇప్పుడు బాగుంది," అని కూర్చున్నాడు.

ఆ అంకె నేను రాసుకోలేదు.